ఘనంగా ముగిశాయి

2025 ఏప్రిల్ 27, ఆదివారం. తెల్లవారుజామున నాలుగూ నాలుగుంబావు మధ్య, పటమటలో మా అక్క వాళ్ళింట్లో ఒక తలుపు దడేల్మని మూసుకుంది. దొంగలేమో అనుకుని లేచి కూర్చున్నాను. చూస్తే మా మేనల్లుడు. స్పెయిన్‌లోని సెవియాలో కోపా డెల్ రే, అంటే అక్కడి ఫుట్‌బాల్ కప్పు, ఫైనల్ అప్పుడే అయిపోయిందట. ఎక్స్‌ట్రా టైంలో 116వ నిమిషంలో కుందే గోల్ కొట్టాడు, 3-2తో బార్సిలోనా గెలిచింది. మావాడేమో ఏడో తరగతి నుంచీ రియల్ మాడ్రిడ్ మనిషి. ఇప్పుడు తొమ్మిది.

పొద్దున ఇడ్లీ దగ్గర కూడా చల్లారలేదు.

“రిఫరీలంతా మాకు వ్యతిరేకమే మావయ్యా.”

“మీకు అంటే?”

“మాడ్రిడ్‌కి. కావాలంటే చూడు, ప్రూఫ్ ఉంది.”

ఫోన్ తెచ్చి నా ప్లేటు పక్కన పెట్టాడు. చట్నీ అంటకుండా మోచేత్తో జరిపి చూశాను. రిఫరీ పాత మ్యాచ్‌లలో ఏమేం తప్పులు చేశాడో ఒక్కొక్కటే ఏరి, ఆపి, గుండ్రంగా గీత గీసి చూపిస్తున్నారు. వెనకాల స్పానిష్‌లో సీరియస్ గొంతు. బాగా చేశారు, అబద్ధమెందుకు. నాకే ఒక నిమిషం పాటు ఆ రిఫరీ మీద అనుమానం వచ్చింది. మూలన ఛానల్ గుర్తు చూశాక గానీ అర్థం కాలేదు. అది రియల్ మాడ్రిడ్ టీవీ. క్లబ్బు సొంత ఛానల్.

“మరి ఆ రిఫరీ ఏడ్చింది చూశావా?” అన్నాను. చూడలేదట. వాడి ఫోన్‌లోకి అది రాలేదు.

ఆ రిఫరీ పేరు రికార్డో డి బుర్గోస్ బెంగోయెచ్చియా. ఫైనల్‌కి ముందురోజు విలేకరుల ముందు కూర్చున్నప్పుడు ఈ వీడియోల గురించే అడిగారు. స్కూల్లో తోటి పిల్లలు మీ నాన్న దొంగ అంటే తన కొడుకు ఏడుస్తూ ఇంటికొస్తున్నాడని చెబుతూ, మాట పూర్తి చేయలేక కళ్ళు తుడుచుకున్నాడు. రిఫరీలు అలా మాట్లాడినందుకు నిరసనగా మాడ్రిడ్ వాళ్ళు ఆ రోజు ప్రెస్ కాన్ఫరెన్స్ మానేశారు, విలేకరుల ముందు చేయాల్సిన ట్రైనింగ్ కూడా మానేశారు. ఆ క్లిప్ వెతికి పెట్టిచ్చాను. రెండుసార్లు చూశాడు. “నాటకం” అన్నాడు. కానీ మూడో ఇడ్లీ వేయించుకున్నాడు కాబట్టి కోపం కొంత తగ్గిందనే అనుకున్నాను.

బెజవాడలో పుట్టి పెరిగినవాడికి ఇది విడమరిచి చెప్పాల్సి రావడమే విచిత్రం. ఇక్కడ టీకొట్టు దగ్గర నిలబడ్డ ఎవరినడిగినా ఏ పేపరు ఎవరిదో, ఏ ఛానల్ ఎవరి మనిషిదో టక్కున చెబుతారు. 1952 నుంచీ ఈ ఊళ్ళోనే విశాలాంధ్ర పార్టీ పేపరుగా, ఆ మాట దాచుకోకుండానే అచ్చవుతూ వచ్చింది. మా నాన్న దాన్ని చదివేవాడు, పక్కన ఇంకో పేపరు పెట్టుకుని. రెండింట్లో ఒకేలా ఉన్న ముక్క మటుకు నమ్మొచ్చురా అనేవాడు. రాజకీయాల్లో మనకి ఇంత తెలివి ఉంది. ఫుట్‌బాల్ దగ్గరికొచ్చేసరికి క్లబ్బు యాప్‌లో ఏది పెడితే అదే వార్త.

వాడికి క్లాసు పీకే అర్హత నాకుందా అంటే, నా కథా చెప్పాలి.

ఇప్పుడు గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్లో లెక్కలు రాస్తున్నా గానీ, ఒకప్పుడు నేను విలేకరిని. గొప్పేం లేదు, ఒక పేపరు జిల్లా ఎడిషన్‌కి కంట్రిబ్యూటర్‌ని. లైన్ అకౌంట్ బతుకు. మన వార్త అచ్చయితే కత్తిరించి తెల్లకాగితానికి అంటించి, కొలిచి, నెలాఖరుకి పంపితే వాళ్ళు లెక్కగట్టి డబ్బులిచ్చేవాళ్ళు. క్రికెట్టూ, కబడ్డీ సీనియర్లు పట్టుకుపోయేవాళ్ళు. ఫుట్‌బాల్ ఎవరికీ అక్కర్లేదు కాబట్టి నాకొచ్చింది.

2006 మే నెల. జర్మనీలో వరల్డ్ కప్ ఇంకో నెలలో ఉంది. ఆ ఊపులో గుంటూరులో ఒకాయన టోర్నమెంటు పెట్టాడు. ఏ గ్రౌండో, ఎవరాయనో వద్దులెండి. ఆ గ్రౌండ్ మధ్యలో క్రికెట్ కోసం పోసిన సిమెంటు పిచ్ ఉండేది. దాని మీద మట్టి కప్పారు. సెమీఫైనల్స్ అయ్యేసరికి మట్టి లేచిపోయి, ఒక పక్క సిమెంటు అంచు అరచెయ్యి మందాన బయటికొచ్చింది. నేను చూశాను. అక్కడున్న అందరూ చూశారు.

ఫైనల్ రెండో సగంలో ఒక పల్లెటూరి టీమ్ కుర్రాడు, పదిహేడేళ్ళుంటాయేమో, ఎడమ పక్క నుంచి బాల్ తీసుకుని లోపలికి కోసుకొస్తూ ఆ అంచు తట్టుకుని పడ్డాడు. భుజం సిమెంటుకి తగిలింది. ఆ చప్పుడు నేను కూర్చున్న చోటికి వినపడింది. అంబులెన్స్ లేదు. స్ట్రెచర్ లేదు. గోల్ పోస్ట్ వెనకాల కట్టిన ఫ్లెక్సీ విప్పి, దాని మీద పడుకోబెట్టి, నలుగురు నాలుగు మూలలు పట్టుకుని రోడ్డు మీది ఆటో దాకా మోసుకెళ్ళారు. ఫ్లెక్సీలో నిర్వాహకుడు దండం పెడుతూ నవ్వుతున్నాడు. సరిగ్గా ఆయన ముఖం మీద కుర్రాడి తల. పది నిమిషాల్లో ఆట మళ్ళీ మొదలైంది.

బహుమతులు ఇచ్చాక ప్రెస్ నోట్ చేతికిచ్చారు. మ్యాచ్‌కి ముందే డీటీపీ చేయించి పెట్టారు. గెలిచిన టీమ్ పేరు, స్కోరు ఉండాల్సిన చోట చుక్కలు. పెన్నుతో నింపి ఇచ్చారు. మొదటి వాక్యం మటుకు టైపులోనే ఉంది: ఫుట్‌బాల్ పోటీలు ఘనంగా ముగిశాయి. ముగియకముందే ఘనంగా ముగిశాయి.

బ్రాడీపేటలో నెట్ సెంటర్‌కి వెళ్ళి అను ఫాంటులో వార్త కొట్టాను. చివర్లో ఒక వాక్యం నాదిగా రాశాను, ఒక ఆటగాడు గాయపడ్డాడని, గ్రౌండ్ మధ్యలో సిమెంటు పిచ్ తేలి ఉందని. రాసి చూసుకున్నాను. ఉగాదికి ఆ నిర్వాహకుడి దగ్గరే నేను యాడ్ తెచ్చాను. కంట్రిబ్యూటర్లకి యాడ్ టార్గెట్ ఉంటుందని బయటివాళ్ళకి తెలియదు. ఆగస్టు పదిహేనుకి మళ్ళీ ఆయన దగ్గరికే వెళ్ళాలి. ఆయన నాకు ఫోన్ చెయ్యలేదు, డెస్క్ వాళ్ళు ఏమీ అనలేదు, ఎవరూ బెదిరించలేదు. ఆ వాక్యాన్ని నేనే కొట్టేశాను.

మూడో రోజు శంకర్ విలాస్ సెంటర్ దగ్గర టీ తాగుతుంటే ఒకాయన వచ్చాడు, పేపరు నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో ఉంది. నా పేరు ఎవరినడిగి తెలుసుకున్నాడో. పేపరు విప్పి వార్త చూపించి, “ఇది రాసింది మీరేనాండీ?” అన్నాడు. అవునన్నాను. “ఘనంగా అంటే ఏంటండీ?” అన్నాడు. వెటకారం లేదు, నిజంగానే అడిగినట్టు అడిగాడు. కుర్రాడి నాన్న. కాలర్ ఎముక విరిగిందట. టీ తాగుతారా అన్నాను. వద్దండీ అని వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత ఇంకో ఏడాది పైన విలేకరిగానే చేశాను, అదీ చెప్పాలి. ఆ రోజే ఉద్యోగం వదిలేశానని చెబితే బాగుంటుంది గానీ, వదల్లేదు.

అందుకే పెద్ద క్లబ్బులు విలేకరులని గేటు దగ్గర ఆపేసిన వార్తలు చదువుతుంటే నాకు ఆ చుక్కల ప్రెస్ నోటే గుర్తొస్తుంది. 2004లో బీబీసీ వాళ్ళు తన కొడుకు ఏజెంటు వ్యాపారం మీద డాక్యుమెంటరీ వేశారని మాంచెస్టర్ యునైటెడ్ మేనేజర్ ఫెర్గూసన్ 2011 దాకా ఆ ఛానల్‌తో మాట్లాడలేదు, అసిస్టెంట్లని పంపేవాడు. ఒక మనిషి పంతం, అలిగాడు అనుకోవచ్చు. న్యూకాసిల్ క్లబ్బు సంగతి వేరు. 2013లో అభిమానులు క్లబ్బు యజమానికి వ్యతిరేకంగా ఊరేగింపు తీస్తే స్థానిక పేపర్లు దాన్ని రాశాయి. రాసినందుకు ఆ సంస్థకి చెందిన మూడు పేపర్లనీ క్లబ్బు బయట నిలబెట్టింది. రెండేళ్ళ తర్వాత కొత్త కోచ్‌గా మెక్‌లారెన్ వచ్చినప్పుడు బయటివాళ్ళలో తమకి నచ్చిన ఒక ఛానల్‌కీ, ఒక పేపరుకీ మాత్రమే ఇంటర్వ్యూ ఇప్పించింది.

నాకు బాగా నచ్చేది 2010లో సౌతాంప్టన్‌లో జరిగింది. ఫొటోలు మా ఫొటోగ్రాఫరే తీస్తాడు, కావాలంటే కొనుక్కోండి అని అక్కడి క్లబ్బు పేపర్ల ఫొటోగ్రాఫర్లని స్టేడియంలోకి రానివ్వలేదు. ప్లిమత్ టీమ్ ఆడటానికి వచ్చింది. ప్లిమత్ ఊరి పేపరు, ది హెరాల్డ్, ఏం చేసిందంటే, కొనకుండా ఒక చిత్రకారుడితో మ్యాచ్ బొమ్మలు గీయించి వేసుకుంది. ప్లిమత్ 1-0తో గెలిచింది కూడా. ఆ రోజు గుంటూరు నెట్ సెంటర్లో నాకు తోచని ఉపాయం అది.

క్లబ్బు ఛానల్ అంటే అంతా చెత్త అనను. చిన్నపిల్లల జట్ల ఆటలూ, ఆడవాళ్ళ మ్యాచ్‌లూ, ట్రైనింగ్ గ్రౌండూ, ఇవన్నీ నేను చూసింది వాటిలోనే. ఏ పేపరూ అంత ఓపిగ్గా చూపించదు. పైగా అది తేలిక పనీ కాదు. 1999లో మొదలైన బార్సా టీవీని ఖర్చులు తగ్గించుకోవడానికి 2023లో మూసేశారు. నా గొడవల్లా కొన్ని వార్తలు ఆ కెమెరా ముందుకి ఎప్పటికీ రావు, అంతే.

2016 నవంబరులో ఆండీ వుడ్‌వర్డ్ అనే మాజీ ఆటగాడు గార్డియన్ విలేకరి డేనియల్ టేలర్‌తో మాట్లాడాడు. క్రూ క్లబ్బులో పిల్లవాడిగా ఉన్నప్పుడు కోచ్ బ్యారీ బెన్నెల్ తన మీద చేసిన అత్యాచారాల గురించి, పేరు దాచుకోకుండా. ఆ ఒక్క ఇంటర్వ్యూ తర్వాత వేరే వేరే క్లబ్బుల నుంచి మగాళ్ళు, నలభై దాటినవాళ్ళు, టీవీల్లో కూర్చుని చిన్నప్పటి సంగతి చెప్పి ఏడ్చారు. ఇంగ్లండ్ ఫుట్‌బాల్ సంఘం విచారణ వేసింది. 2018లో బెన్నెల్‌కి కోర్టు మళ్ళీ శిక్ష వేసింది, జైల్లోనే పోయాడు. ఆ మాటలు వుడ్‌వర్డ్ ఏ క్లబ్బు ఛానల్ మైకు ముందు చెప్పగలిగేవాడు? మైకు పట్టుకున్నవాడి జీతం ఎవరిస్తున్నారు?

అంత దూరం ఎందుకు, మన హైదరాబాద్ ఎఫ్‌సీ. 2022 మార్చిలో గోవాలో కేరళ మీద షూటవుట్‌లో గెలిచి ఐఎస్‌ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) కప్ ఎత్తిన రాత్రి, గోల్ కీపరు కట్టిమణి మూడు పెనాల్టీలు ఆపితే నేను మంచం మీద నిలబడి అరిచాను. రెండేళ్ళు తిరిగేసరికి అదే టీమ్ సీజన్ మొత్తంలో ఒక్కటంటే ఒక్క మ్యాచ్ గెలిచి అట్టడుగున మిగిలింది. ఆటగాళ్ళకి జీతాలు అందడం లేదనీ, ఒక్కొక్కరూ వెళ్ళిపోతున్నారనీ, కొత్తవాళ్ళని తీసుకోకుండా ఫిఫా ఆంక్ష పెట్టిందనీ నాకు తెలిసింది విలేకరులు రాస్తేనే. 2025లో టీమ్ పేరే మారిపోయి ఢిల్లీకి వెళ్ళిపోయింది. మనకున్న ఒక్క ఐఎస్‌ఎల్ జట్టు, ఇల్లు ఖాళీ చేసినట్టు ఖాళీ చేసి పోయింది.

బయటివాడు రాశాడు కదా అని నమ్మెయ్యడానికీ లేదు. 1989లో ఇంగ్లండ్‌లోని హిల్స్‌బరో స్టేడియంలో తొక్కిసలాట జరిగిన నాలుగో రోజున ది సన్ పేపరు చనిపోయినవాళ్ళ పక్కనున్న లివర్‌పూల్ అభిమానుల మీదే అబద్ధాలు అచ్చేసింది, అదీ ‘నిజం’ అన్న హెడ్డింగు పెట్టి. ఆ ప్రమాదంలో పోయినవాళ్ళు 97 మంది. 2017లో లివర్‌పూల్ క్లబ్బు ఆ పేపరు విలేకరులని తమ గ్రౌండులోకి రావద్దంది. ఆ నిషేధం విషయంలో నేను క్లబ్బు పక్షమే. ఇవన్నీ చెబితే మావాడు “అయితే ఎవర్ని నమ్మాలి మావయ్యా?” అన్నాడు. మా నాన్న రెండు పేపర్ల సంగతి చెప్పాను. “అంత టైం ఎవరికుంది” అన్నాడు.

వాడూ బెజవాడలో ఒక అకాడమీలో ఆడతాడు, గోల్ కీపరు. ప్రతి ఆదివారం సాయంత్రం అకాడమీ వాళ్ళు ఇన్‌స్టాలో రీల్ పెడతారు. మొన్నామధ్య ఒక ఆదివారం మా ఫ్యామిలీ గ్రూపులో ఆ రీల్ వచ్చింది. మావాడు గాల్లోకి ఎగిరి కుడిచేత్తో బాల్‌ని బయటికి తోసేశాడు. స్లో మోషన్, వెనకాల మాస్ మ్యూజిక్. పిన్ని, బాబాయి, అమెరికాలో ఉన్న వదిన, అందరూ దండాలు, గుండెలు పెట్టారు. నేనూ పెట్టాను.

రాత్రి వాడు ఫోన్ చేశాడు.

“రీల్ చూశావా మావయ్యా?”

“చూశాను రా. అదిరిపోయింది. ఎంతకి గెలిచారు?”

కాసేపు మాట్లాడలేదు. “ఆరు తిన్నాను. 6-0.”

“మరి స్కోరు పెట్టలేదే?”

“అదే.”

రీల్ కింద వాడే కామెంట్ పెట్టాడట, మేము 6-0తో ఓడిపోయాం అని. గంటలో అది మాయమైంది. మళ్ళీ పెట్టాడు. మళ్ళీ పోయింది. మూడోసారి కామెంట్లే ఆపేశారు.

మర్నాడు యార్డులో మిర్చి బస్తాల లెక్క చూసుకుంటుంటే అక్క ఫోన్. కోచ్ ఆవిడతో మాట్లాడాడట.

“వాడికి ఇవన్నీ నేర్పుతున్నది నువ్వేనా?” అంది.

“నేనేం నేర్పాను? స్కోరు చెప్పాడు, అంతేగా.”

“ఆ అకాడమీ ఫీజు కట్టేది నేను. నువ్వు కాదు” అని పెట్టేసింది.