బెలం గవలు

పని నిన్న సాయంత్రమే అయిపోయింది, చిరాకు మాత్రం ఇంకా తగ్గలేదు.

డాబాగార్డెన్స్‌లో ఒక పిండివంటల షాపుకి వెబ్‌సైట్ ఒప్పుకున్నాను. ఫొటోలు, రేట్లు, ఆర్డర్ ఫారం మూడు రోజుల్లో పూర్తి. నా ల్యాప్‌టాప్‌లో చూస్తే ముత్యంలా ఉంది. బాకీ డబ్బు తీసుకుందామని వెళ్లాను.

ఓనరుగారి నాన్నగారు స్టీల్ ప్లాంట్‌లో చేసి రిటైరయ్యారు. "మా కంప్యూటర్లో చూపించు బాబూ" అన్నారు. చూపు ఆనదని క్రోమ్‌లో ఫాంట్ సైజు 'వెరీ లార్జ్' పెట్టుకున్నారు. తెరలో సగం బిల్లింగ్, మిగతా సగంలో బ్రౌజర్. పేజీ తెరిచానో లేదో, మూడు నిలువు వరుసలూ ఇరుక్కుపోయి, కాజాల రేటు వెళ్లి జంతికల మీద కూర్చుంది. ఒత్తులన్నీ తెగిపోయాయి. కౌంటర్ ముందు నలుగురు నిలబడి ఉండగా ఆయన గట్టిగా చదివారు: "బెలం గవలు... ఏటి బాబూ, ఇది తెలుగేనా?" ఒకావిడ పకపకా నవ్వింది. చెవులు కాలిపోయాయి.

తప్పు నాదే. అక్షరాలకి రెమ్ అనే కొలత వాడాను, అంటే బ్రౌజర్‌లో పెట్టుకున్న సైజుని బట్టి పెరుగుతాయి. మామూలుగా 16 పిక్సెళ్లు, ఆయన దగ్గర 24. పేర్లున్న పెట్టెల ఎత్తు మాత్రం 28 పిక్సెళ్లకి బిగించి, ఓవర్‌ఫ్లో హిడెన్ పెట్టాను, అంటే పెట్టె దాటిందేదీ కనపడదు. ఇంగ్లిష్ అక్షరాలైతే ఎలాగో సర్దుకునేవి. మన ఒత్తులకి కింద చోటు కావాలి కదా! "ఫాంట్ సైజు ఎవడు మారుస్తాడు?" అని నాకు నేర్పిన సీనియర్‌ని ఆ కౌంటర్ దగ్గర నిలబెట్టాలనిపించింది.

రాత్రి ఒంటిగంట దాకా కూర్చున్నాను. బిగించిన హైట్ తీసేసి మిన్-హైట్, అంటే కనీస ఎత్తు, ఇచ్చాను, ఓవర్‌ఫ్లో తీసేశాను, లైన్-హైట్ (ఒక్కో లైను ఎత్తు) అక్షరాల సైజుకి 1.6 రెట్లు చేశాను. అసలు మలుపు మీడియా క్వెరీలో ఉంది, అంటే కిటికీ ఇంతకన్నా ఇరుకైతే అమరిక మార్చు అని చెప్పే షరతులో. అక్కడ 768 పిక్సెళ్లు అని రాసినదాన్ని 48 ఈఎమ్ చేశాను; ఇక్కడ ఈఎమ్ కూడా బ్రౌజర్‌లో పెట్టుకున్న సైజుని బట్టి మారే కొలతే. 16 సైజులో రెండూ ఒకటే. 24 పెట్టుకున్నవాళ్లకి అదే 1152 అవుతుంది కాబట్టి, సగం కిటికీలో మూడు నిలువు వరుసలు ఒక్క నిలువు వరుసకి దిగుతాయి. ఇంత చిన్న విషయం నా కోర్సులో ఎవరూ చెప్పలేదు, ఫీజు మాత్రం ముందే కట్టించుకున్నారు.

మీరూ చూసుకోండి: 1280 వెడల్పు కిటికీలో జూమ్ 400 శాతం చేస్తే 320 పిక్సెళ్ల తెర అయినట్టే. పేజీ పక్కకి జరపకుండా చదవగలిగితే పాసు. నాది పాసయింది.

నిన్న పెద్దాయన మళ్లీ చదివారు, ఈసారి "బెల్లం గవ్వలు" అని ఒత్తి మరీ. బాకీ సోమవారం ఇస్తారట. గవ్వల పొట్లం మాత్రం అప్పుడే చేతిలో పెట్టారు.