బీజాపూర్ జామా మసీదులో తెర తీసినప్పుడు

గోల్ గుంబజ్ నుంచి బయటికొచ్చేసరికి చెవులు గింగురుమంటున్నాయి. పైన గ్యాలరీలో గుసగుసలాడితే అవతలి గోడ దగ్గరికి వినిపిస్తుందని చిన్నప్పటి నుంచీ విన్నాను. కానీ గుసగుసలాడనిస్తే కదా! స్కూలు పిల్లలంతా ఒకేసారి కేకలు. ఇమ్లీబన్‌లో రాత్రి బస్సెక్కి, కన్ను మూయకుండా వచ్చింది ఇందుకా అని చిరాకేసింది.

జామా మసీదుకి టాంగా అతను ‘ఇన్నూరు’ అన్నాడు. ఆ కాస్త దూరానికి రెండు వందలా! నడిచే వెళ్లాను.

చెప్పులు విప్పి లోపలికి అడుగు పెడితే ఒక్క అరుపు లేదు. సున్నం పూసిన తెల్లటి కమానులు వరుసలు వరుసలుగా లోపలికి సాగిపోతున్నాయి. నేల మీద నల్ల గీతలతో గడులు, నమాజుకి ఒక్కొక్కరికి ఒక్కో గడి. మొత్తం 2,250. ఔరంగజేబు 1686లో నగరాన్ని పట్టుకున్నాక వేయించాడంటారు.

మసీదు చూసుకునే పెద్దాయన ఎక్కడి నుంచి అని అడిగారు. హైదరాబాద్ అనగానే మొహం విప్పారింది. ఆయన దక్కనీ అచ్చం మా పాతబస్తీ మాటలాగే ఉంది. ‘ఆవో బేటా’ అంటూ మిహ్రాబ్ (నమాజు దిక్కు చూపే గోడగూడు) ముందున్న తెర పక్కకి లాగారు.

నోట మాట రాలేదు. అంత తెల్లటి మసీదులో ఆ ఒక్క గోడంతా బంగారు రంగు. 1636లో, బీజాపూర్ సుల్తాను మహమ్మద్ ఆదిల్‌షా కాలంలో చేయించిన పని. అక్షరాలు, పూలకుండీలు, మినార్లు, గూళ్లలో పేర్చిన పుస్తకాలు. అవి నిజం పుస్తకాలు కావు, రంగులతో వేసినవే. తీసి చదవాలనిపించేలా ఉన్నాయి.

చూస్తుంటే హంపి గుర్తొచ్చింది. ఈ మసీదు మొదలుపెట్టిన మొదటి అలీ ఆదిల్‌షా 1565లో విజయనగరాన్ని కూల్చిన రక్కసి తంగడి యుద్ధంలో గెలిచినవాళ్లలో ఒకడు. ఆ గెలుపుకి గుర్తుగానే దీన్ని కట్టించాడని చెబుతారు. గెలిచిన పక్షంలో మన గోల్కొండ ఇబ్రహీం కుతుబ్‌షా కూడా ఉన్నాడు. తెలుగు కవులు మల్కిభరాముడని పిలుచుకున్నవాడు, అంతకుముందు ఏడేళ్లు విజయనగరంలోనే తలదాచుకున్నవాడు. ఆ సంగతి నాకు ఇప్పటికీ మింగుడుపడదు. చిన్నప్పుడు హంపిలో విరిగిన రాళ్ల మధ్య నాన్న చాలాసేపు ఏమీ మాట్లాడకుండా నిలబడ్డారు. ఆకలేస్తోందని నేను ఏడుస్తున్నా కదల్లేదు.

బయట వరండాలోకొచ్చి ఆయనకి ఫోన్ చేశాను.

‘బీజాపూర్ మసీదులో ఉన్నా నాన్నా.’

‘ఎలా ఉంది?’

‘చాలా బాగుంది.’

కాసేపు అటునుంచి మాట లేదు. తర్వాత ‘సరే, ఫొటో పంపు’ అన్నారు.

నేను లోపలికి వెళ్లేసరికి తెర వేసేశారు. మళ్లీ ఒక్కసారి తీయమని పెద్దాయన్ని అడిగాను.