పాత సత్రం చరిత్ర గోడల మీద ఉండదు

ఊళ్లో పాత సత్రం కనబడితే అందరం గుమ్మం పైన చెక్కిన సంవత్సరాన్ని ఫొటో తీసుకుంటాం. నాకు మాత్రం ఆ సంవత్సరం మీద అంత ఆసక్తి లేదు. ఒక జమీందారో షావుకారో తలుచుకుంటే వీధి అరుగులు, మండువా, వెనకాల వంటసాల, ఒక నుయ్యి కట్టించడం ఎంతసేపు? కష్టమంతా ఆ తర్వాతే. వచ్చేపోయే వాళ్లకి రోజూ వండే బియ్యం ఎక్కణ్ణించి వస్తాయి, వంటవాడికి జీతం ఎవరిస్తారు, గాలివానకి పెంకులు లేచిపోతే ఎవరు నేయిస్తారు? అందుకే కట్టించినవాళ్లు సత్రం పేర పొలం కూడా రాసేవాళ్లు. ఆ పొలం ఉన్నంతకాలం పొయ్యి వెలిగేది, అది చేతులు మారాక మిగిలింది కట్టడం ఒక్కటే.

ఈ ఏర్పాటు మనకి చాలా పాతది. ఇప్పటి అమరావతి ప్రాంతంలోని మల్కాపురంలో 1261 నాటి శాసనం ఒకటుంది, రుద్రమదేవి కాలంది. గోళకీ అనే శైవ మఠానికి చెందిన విశ్వేశ్వర శివాచార్యుడికి మందడం, వెలగపూడి గ్రామాలు దానంగా వస్తే, ఆయన ఆ రాబడితో ప్రసూతిశాల, ఆరోగ్యశాల, అన్నసత్రం నడిచేలా చూశాడు. బ్రాహ్మణుడి నుంచి చండాలుడి దాకా ఎవరొచ్చినా అన్నం పెట్టాలని అందులో ఉంది. ఆ తర్వాత వందల ఏళ్లకి కట్టిన సత్రాల్లో చాలావాటిలో భోజనం బ్రాహ్మణులకే, మిగతావాళ్లకి అయితే గియితే స్వయంపాకం, లేదంటే అరుగు మీద పడక. కాలం గడిచేకొద్దీ మనసులు పెద్దవవుతాయనుకునేవాళ్లు ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూడాలి.

1830లో చెన్నపట్నం నుంచి కాశీకి బయల్దేరిన ఏనుగుల వీరాస్వామయ్య దారి పొడుగునా మజిలీలు, వసతులు రాసుకుంటూ వెళ్లాడు. నడకకీ బోయీల పల్లకీకీ రోజుకి ఇంత దూరమని లెక్క ఉండేది కాబట్టి ఆ మజిలీలే సత్రాలకి ప్రాణం. రైలు వచ్చి ఆ లెక్కే తీసేసింది. 1900లో రాజమండ్రి దగ్గర గోదావరి మీద రైలు వంతెన తెరిచాక, మధ్యలో ఒక పల్లెటూళ్లో ఆగి రాత్రి పడుకోవాల్సిన పని ఎవరికుంటుంది? తిరుపతి లాంటి క్షేత్రాల్లో సత్రాలు నిలబడ్డాయి, బాట పక్కనున్నవి బడులయ్యాయి, ధాన్యం గోదాములయ్యాయి, పెళ్లివారి విడిదిళ్లయ్యాయి.

అసలు కట్టడమే అక్కర్లేదని చూపించిన మనిషి కూడా ఉంది. లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మగారు (1841–1909) వచ్చినవాళ్లకి అన్నం పెట్టింది తన ఇంట్లోనే, సొంత పొలాల పంటతోనే.

పొలాల సంగతికొస్తే, సత్రాల ఆస్తుల మీద సర్కారు అజమాయిషీ మద్రాసు ప్రభుత్వం 1817లో చేసిన ఏడో రెగ్యులేషన్ నాటికే ఉంది, ఇప్పుడు 1987 నాటి దేవాదాయ చట్టం కిందికి వస్తాయి. చట్టాలకేం లోటు లేదు. కాకపోతే తాతల కాలం కౌలు రేటే మనవళ్లు కూడా కడుతుంటే ఏ సత్రంలో అయినా పొయ్యి ఎలా వెలుగుతుంది చెప్పండి.

మీ ఊరి సత్రం గురించి రాయాలనుకుంటే, కోస్తా, రాయలసీమ వాళ్లయితే, ముందు ఐఎఫ్ఆర్, అంటే ఇనాం ఫెయిర్ రిజిస్టర్, అడగండి. 1858లో వేసిన ఇనాం కమిషన్ తయారు చేయించిన రిజిస్టరు అది. మాన్యం ఎవరిచ్చారు, దేనికిచ్చారు, ఎంత విస్తీర్ణం, అప్పటికి ఎవరి అనుభవంలో ఉందీ అన్నీ రాసి ఉంటాయి. అందులో లేకపోతే ఆ తర్వాత కట్టిందేమో, సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో దస్తావేజు వెతకాలి. ఫొటోలు తర్వాత తీసుకోవచ్చు.