క్లోమంలో నీటితిత్తి: సూది గుచ్చకముందు, గుచ్చాక

పిత్తాశయంలో రాళ్లకని స్కానింగ్ చేయిస్తే రిపోర్టు చివర్లో కొత్త సంగతి తేలింది: "పాంక్రియాస్ తోక భాగంలో 34 మి.మీ. సూడోసిస్ట్." పాంక్రియాస్ అంటే క్లోమమే. ఆమెకు 48 ఏళ్లు. ఫిల్ములు చూడకముందు నేను అడిగింది ఒకటే. "పొట్ట పైభాగంలో నొప్పి మొదలై వీపులోకి పొడుచుకొచ్చి, ఎప్పుడైనా ఆస్పత్రిలో చేరాల్సి వచ్చిందా అమ్మా?" లేదంది. పొట్టకు పెద్ద దెబ్బ కూడా ఎప్పుడూ తగల్లేదట.

పాంక్రియాటైటిస్ (క్లోమం వాపు) రాలేదు, దెబ్బా తగల్లేదు అంటే సూడోసిస్ట్ అనే మాట కొట్టెయ్యొచ్చు. వాచిన క్లోమం నుంచి కారిన రసం ఒకచోట చేరి, చుట్టూ గోడ కట్టుకోవడానికి నాలుగు వారాలు పడుతుంది. అదీ సూడోసిస్ట్. మద్యం అలవాటుతో పాంక్రియాటైటిస్ వచ్చినవాళ్లను రోజూ చూస్తాం కాబట్టి, నీరు కనబడగానే చెయ్యి అలవాటుగా ఆ పేరే రాసేస్తుంది. నొప్పి వచ్చిందన్నవాళ్ల విషయంలోనూ తొందరపడకూడదు. ఐపీఎంఎన్‌లో, అంటే క్లోమరసం పారే నాళం లోపలి పొర నుంచే పుట్టి జిగురు ఊరే తిత్తిలో, ఆ జిగురే నాళానికి అడ్డుపడి పాంక్రియాటైటిస్ తెప్పిస్తుంది. అందుకే నొప్పి రాకముందు తీసిన పాత స్కాన్ ఏదైనా ఉంటే తెమ్మంటాను. తిత్తి అప్పటికే ఉంటే కథ వేరు.

తర్వాత సీటీ, ఎంఆర్‌సీపీ (నాళాలను చూపే ఎంఆర్‌ఐ) రెండూ చూస్తాను. సున్నం సీటీలో బాగా కనబడుతుంది, తిత్తికి నాళంతో దారి ఉందా లేదా అనేది ఎంఆర్‌సీపీలో తెలుస్తుంది. తేనెపట్టులాంటి చిన్న గదులు, నడుమ నక్షత్రంలాంటి మచ్చ, ఆ మచ్చలో సున్నం ఉంటే సీరస్ సిస్టడినోమా, అంటే పలుచటి నీటితో నిండిన, క్యాన్సర్ కాని తిత్తి. అక్కడితో ఆగిపోవచ్చు. అదే సున్నం అంచు చుట్టూ గుడ్డు పెంకులా ఉంటే మ్యూసినస్ సిస్టిక్ నియోప్లాజం, అంటే మున్ముందు క్యాన్సర్‌గా మారే వీలున్న జిగురు తిత్తి. ఇది దాదాపుగా ఆడవాళ్లకే, ఎక్కువగా నలభై యాభై ఏళ్ల వయసులో, క్లోమం మధ్యభాగంలోనో తోకలోనో వస్తుంది. ఇరవై ముప్ఫై ఏళ్ల అమ్మాయికి సగం గట్టిగా, సగం నీరుగా, లోపల రక్తంతో గడ్డ ఉంటే అది సాలిడ్ సూడోపాపిల్లరీ ట్యూమర్. చాలావరకు ఆపరేషనే దారి.

ప్రధాన నాళం ఉబ్బి కనబడితే దక్షిణాదిలో ఇంకో చిక్కు ఉంది. ఇక్కడ రాళ్లతో కూడిన పాత పాంక్రియాటైటిస్ మామూలు. రాయి అడ్డుపడి ఉబ్బిన నాళాన్ని ఐపీఎంఎన్ అనుకుని కంగారుపడొచ్చు, తలకిందులుగానూ పొరబడొచ్చు. ఎండోస్కోపీలో నాళం నోరు చేపనోరులా తెరుచుకుని జిగురు కారుతుంటే అది ఐపీఎంఎనే. గొర్రెలు, కుక్కల మధ్య బతికేవాళ్లకు హైడాటిడ్ (బద్దెపురుగు తిత్తి) కూడా, అరుదుగానైనా, క్లోమంలో రావచ్చు. సందేహం ఉంటే సూది జోలికి పోను. ఆ నీరు పొట్టలోకి కారితే ప్రాణాపాయం.

ఇంతకీ ఈమెది ఒకే పెద్ద గది, ఒక సన్నటి అడ్డుగోడ. సున్నం లేదు, నాళంతో దారి లేదు, ప్రధాన నాళం 2 మి.మీ., అంటే ఉబ్బలేదు. వయసు, చోటు చూస్తే మ్యూసినస్సే అనిపిస్తుంది. కానీ సీరస్‌లోనూ పెద్ద గదుల రకం ఒకటుంది, బొమ్మలో అచ్చం ఇలాగే ఉంటుంది. మ్యూసినస్ అయితే తోక భాగాన్ని, తరచు ప్లీహంతో సహా, కోసి తియ్యాల్సి రావచ్చు. సీరస్ అయితే ముట్టుకోనక్కర్లేదు. జవాబును బట్టి నిర్ణయం మారేచోటే సూదికి అర్థం. 75 ఏళ్ల మనిషికి 8 మి.మీ. తిత్తి ఉంటే గుచ్చి సాధించేది ఏమీ లేదు.

సూది గుచ్చేది ఎండోస్కోపిక్ అల్ట్రాసౌండ్‌లో, అంటే నోట్లోంచి గొట్టం దింపి లోపలినుంచి చేసే స్కాన్‌లో. దానికి ఆరు గంటలు ఏమీ తినకూడదు, రక్తం పలుచబరిచే మందుల సంగతి ముందే తేల్చుకోవాలి. తిత్తి తెరమీదికి రాగానే మొదట రక్తం పారేచోటు చూపే డాప్లర్ వేస్తాను. నల్లగా గుండ్రంగా కనబడేది ప్లీహధమని ఉబ్బు కావచ్చు. దాన్ని గుచ్చితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. 22 గేజ్ సూది, ఒక్కటే పోటు, వీలైనంత ఖాళీ అయ్యేదాకా లాగడం. జిగురు మరీ చిక్కగా ఉంటే 22 మూసుకుపోతుంది, 19 తియ్యాలి. సూది వెనక్కి లాగేముందు సక్షన్ ఆపాలి, లేకపోతే దారిలో జీర్ణాశయం జిగురు కూడా చేరి పరీక్షను తప్పుదారి పట్టిస్తుంది.

మొదటి చుక్కను గ్లవ్ వేసుకున్న బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఉంచి సాగదీస్తాను. సెంటీమీటరు దాటి తీగలా సాగి, సెకనుపాటు నిలిస్తే మ్యూసినస్ కావచ్చు. ఈమెది నీళ్లలా తెగిపోయింది. రెండో చుక్క గ్లూకోమీటర్‌కి. మ్యూసినస్ నీటిలో గ్లూకోజ్ సాధారణంగా డెసిలీటరుకు 50 మి.గ్రా. లోపే ఉంటుంది, చాలాసార్లు మీటరు "లో" అని మాత్రమే చూపిస్తుంది. చిక్కటి జిగురును స్ట్రిప్ పీల్చదు, అప్పుడు ల్యాబే గతి. సూడోసిస్ట్‌లోనూ ఒక్కోసారి గ్లూకోజ్ తగ్గుతుంది, కాబట్టి దీన్నొక్కదాన్నే నమ్ముకోను. ఈమెది 92.

మిగిలిన నీటిలో సీఈఏ అనే ప్రోటీన్, ఎమైలేజ్ అనే క్లోమరసపు ఎంజైమ్, కణాల పరీక్ష. నీరు తక్కువగా వస్తే గ్లూకోజ్, సీఈఏలకే ముందు ఇస్తాను. సీఈఏ మి.లీ.కు 192 నానోగ్రాములు దాటితే మ్యూసినస్ రకమని, 5 లోపుంటే కాదని మొగ్గుతాం. నడుమ పడితే ఆ అంకె అటూ ఇటూ చెప్పదు. అది ఎంత పెరిగినా క్యాన్సర్ ఉందో లేదో చెప్పదు, రకం మాత్రమే చెబుతుంది. ఈ తేడా తెలియక రిపోర్టు పట్టుకుని ఏడ్చినవాళ్లను చూశాను. ఎమైలేజ్ 250 లోపుంటే సూడోసిస్ట్ దాదాపు కాదు.

ఆమె సీఈఏ 0.6, ఎమైలేజ్ 40. పెద్ద గదుల సీరస్ సిస్టడినోమా అని రాసి, ఏడాదికి ఒకసారి ఎంఆర్‌ఐ చూసుకోమన్నాను. పిత్తాశయం ఆపరేషన్‌కు దీనివల్ల అడ్డేమీ లేదని విడిగా ఇంకో కాగితం కూడా ఇచ్చాను, సర్జన్ అడిగేది అదే కాబట్టి.