టామ్ రాబిన్సన్‌కి జాలేసింది

టామ్ రాబిన్సన్ ఎడంచెయ్యి చిన్నప్పుడు పత్తి గింజలు తీసే జిన్ను మరలో ఇరుక్కుని నలిగిపోయిందన్న చోట నేను పుస్తకం మూసేశాను. చదివేవాళ్లలో చాలామందికి అది కోర్టు కేసులో ఒక ఆధారం, అంతే. గుంటూరులో ఏటుకూరు రోడ్డు పక్కన పెరిగినదాన్ని, నాకు మాత్రం చప్పుడు వినబడింది. సీజన్లో రాత్రీ పగలూ ఆగని జిన్నుల హోరు, ఆరేసిన బట్టల మీద వాలే దూది నుసి, గేటు బయట బారులు తీరిన పత్తి బళ్లు. మా నాన్న ఒక జిన్నింగు మిల్లులో కాటా గుమాస్తా. ఆ మిల్లు గేటు దగ్గర కాపలా ఉండే మనిషికి ఎడంచెయ్యి మోచేతి దాకానే ఉండేది. మిగతాది జిన్ను తీసుకుంది. మాదిగపల్లె నుంచి నడిచి వచ్చేవాడాయన. ఇప్పుడు 'ఆయన' అని రాస్తున్నాను. అప్పుడు నాకు పదేళ్లు, ఆయనకి యాభై పైనే ఉంటాయి, 'ఒరే' అని పిలిచేదాన్ని. తప్పమ్మా అని ఇంట్లో ఎవరూ అనలేదు.

పుస్తకం 'టు కిల్ ఎ మాకింగ్‌బర్డ్'. హార్పర్ లీ రాసింది, 1960లో వచ్చింది, మరుసటి ఏడు పులిట్జర్ బహుమతి తెచ్చుకుంది. నేను కొన్నది విజయవాడ లెనిన్ సెంటర్‌లో, పాత పుస్తకాల కొట్లో. ఎవరో పెన్సిల్‌తో గీతలు గీసుకున్న కాపీ. కథ 1930లలో అమెరికా దక్షిణాదిన, అలబామా రాష్ట్రంలోని మేకూంబ్ అనే చిన్న ఊళ్లో జరుగుతుంది. టామ్ నల్లవాడు, కూలి. మయెల్లా యూవెల్ తెల్లపిల్ల, కడు పేద. తనని చెరిచాడని ఆ పిల్లా, వాళ్ల నాన్నా టామ్ మీద కేసు పెడతారు. ఆ పిల్ల మొహం మీద దెబ్బలు కుడివైపు ఉన్నాయి, అంటే ఎడంచేతి వాటం మనిషి కొట్టి ఉండాలి. తండ్రిది ఎడంచేతి వాటం. టామ్ ఎడంచెయ్యి ఎందుకూ పనికిరాదు. టామ్ తరఫు లాయరు ఆటికస్ ఫించ్ ఇదంతా పసిపిల్లలకి కూడా అర్థమయ్యేలా విప్పి చెప్తాడు. నేరం చేశాడో లేదో తేల్చే జ్యూరీలో అందరూ తెల్ల మగవాళ్లే. గంటల తరబడి లోపల కూర్చుని వచ్చి, నేరం చేశాడంటారు.

ఈ పుస్తకం గురించి ఎవరు మాట్లాడినా ఆటికస్ దగ్గరికే వెళ్తారు. నల్లవాళ్లకి కోర్టులో కింద చోటు లేదు, పైన బాల్కనీలో ఉంటారు. కేసు ఓడిపోయి ఆటికస్ వెళ్తుంటే వాళ్లంతా లేచి నిలబడతారు. 'నువ్వూ లేవమ్మా, మీ నాన్నగారు వెళ్తున్నారు' అంటాడు పాస్టరు, ఆటికస్ కూతురు స్కౌట్‌తో. మొదటిసారి చదివినప్పుడు నేనూ అక్కడ ఏడ్చాను. రెండోసారి చదువుతుంటే నా కళ్లు టామ్ కోసం వెతికాయి. ఆ క్షణంలో అతను ఎక్కడున్నాడో, ఎవరి వైపు చూశాడో పుస్తకంలో లేదు.

నన్ను పట్టుకుని వదలని చోటు వేరే ఉంది. ఏ డబ్బులూ తీసుకోకుండా ఆ పిల్లకి పనులెందుకు చేసిపెట్టావని ప్రాసిక్యూషన్ లాయరు టామ్‌ని అడుగుతాడు. ఆ పిల్లకి సాయం చేసే దిక్కు లేదని, చూస్తే జాలేసిందని టామ్ చెప్తాడు. ఉన్న మాటే చెప్పాడు. కానీ ఆ మాటతో కోర్టు హాలంతా బిగుసుకుపోతుంది. 'జాలేసిందా? నీకు, ఆ పిల్ల మీద జాలేసిందా?' అని లాయరు రెట్టిస్తాడు. పొరపాటు చేశానని టామ్‌కి అప్పుడు అర్థమవుతుంది. ఆ తెల్లపిల్ల తిండికి లేనిది కావచ్చు, చెత్తకుప్ప పక్కన బతికేది కావచ్చు. అయినా నల్లవాడు ఆమెని చూసి అయ్యో అనకూడదు. జాలి పైనుంచి కిందికే రావాలి.

ఇది నేను మా అరుగు మీద చూశాను.

1988లో మిల్లు యజమానులు, భాగస్తులు, ఏదో తగువుపడి నాలుగు నెలలు మిల్లు మూసేశారు. నాన్నకి జీతం లేదు. వీధిలో కిరాణా కొట్టు అరువు ఆపేసింది. అమ్మ గాజులు తాకట్టుకి వెళ్లాయి. ఒక సాయంత్రం గేటు మనిషి మా ఇంటికొచ్చాడు. గేటు బయటే చెప్పులు విడిచి, అరుగు కింద నిలబడ్డాడు. ఉన్న చేత్తో రెండు కాగితం పొట్లాలు, ఒక సొరకాయ అరుగు మీద పెట్టాడు. "పిల్లలు గల ఇల్లు గదయ్యగారూ. తవుర్ని చూస్తే జాలేసిందండి" అన్నాడు.

నాన్న మొహం నాకింకా కళ్లకు కట్టినట్టుంది. మిల్లు మూసేసినరోజు కూడా ఆ మొహం అలా మారలేదు. "ఏందిరా? నువ్వు నా మీద జాలిపడేదాకా వచ్చిందా?" అని లేచి పొట్లాలు విసిరికొట్టారు. ఒకటి పగిలి కందిపప్పు మెట్ల మీద చెల్లాచెదరైంది. ఆయన ఒక్క మాట అనలేదు. వంగి, ఆ ఒక్క చేత్తో పప్పు పోగుచేసి, తువాలులో వేసుకున్నాడు. చాలాసేపు పట్టింది. అమ్మ తలుపు దగ్గరే నిలబడి ఉంది. నేను అరుగు మీద ఉన్నాను. ఎవరం కదల్లేదు. మళ్లీ మిల్లు తెరిచేసరికి గేటు దగ్గర వేరే మనిషున్నాడు.

నవలలో టామ్ జైలు కంచె దాటి పారిపోబోతే కాల్చి చంపుతారు. ఒంట్లో 17 తూటాలు. రెండు చేతులూ సరిగ్గా ఉంటే కంచె దాటేసేవాడే అంటారు. అతని భార్య హెలెన్ ఆ కబురు మోసుకొచ్చిన వాళ్లని చూస్తూనే నేలకూలిపోతుంది. ఆమె ఆ రాత్రి ఎలా గడిపిందో మనకి తెలియదు, ఎందుకంటే కథ చెప్పేది స్కౌట్, తెల్లింటి పిల్ల. ఇది ఈ పుస్తకంలో లోటే అని నా అభిప్రాయం. కానీ ఆ లోటు గురించి మాట్లాడే నేను మాత్రం గేటు మనిషి ఆ తర్వాత ఏ పని చేసుకు బతికాడో ఎన్నడూ అడగలేదు. ఆయనకి పెళ్లాం పిల్లలు ఉన్నారో లేదో కూడా తెలియదు.

స్కౌట్‌కి ఒక టీచరుంటుంది, మిస్ గేట్స్. యూదుల్ని హిట్లర్ పెట్టే బాధలకి క్లాసులో ఎంతో బాధపడుతుంది. మన దేశంలో ఇలాంటివి లేవంటుంది. అదే టీచరు టామ్ కేసు రోజు కోర్టు మెట్లు దిగుతూ, వీళ్లకి ఎవరో ఒకరు బుద్ధి చెప్పాల్సిందే, మరీ పైకెక్కి కూర్చుంటున్నారు అంది. అది స్కౌట్ విన్నది. ఆ పేజీ చదువుతుంటే నాకు 1991 ఆగస్టు గుర్తొచ్చింది. తెనాలి దాటాక చుండూరు. ఆ నెల 6న ఎనిమిది మంది దళితుల్ని చంపారు. గొడవకి మొదలు అంతకు నెల ముందు సినిమా హాల్లో ఒక దళిత కుర్రాడి కాలు అగ్రకులం కుర్రాడికి తగలడం. మా ఇంటికొచ్చిన చుట్టాలావిడ కాఫీ తాగుతూ, "చంపడం తప్పేలే, కానీ వీళ్లకీ మరీ పొగరెక్కువైంది" అంది. చాలా మంచావిడ. గుళ్లో అన్నదానాలు చేసేది. నాకప్పుడు పద్నాలుగేళ్లు, ఆ మాట నాకేమీ తేడాగా అనిపించలేదు. చుండూరు ఊళ్లోనే ప్రత్యేక కోర్టు పెట్టారు. 2007లో 21 మందికి యావజ్జీవం వేశారు. 2014లో హైకోర్టు ఆ శిక్షలన్నీ కొట్టేసింది. ఆ తీర్పు వార్త చదివిన రోజు కూడా నేను పేపరు మడిచి బ్యాంకుకి వెళ్లిపోయాను.

నాన్నకి ఇప్పుడు ఎనభై నాలుగు. చూపు తగ్గింది, చెవులు బాగానే వినిపిస్తాయి. మొన్న ఆదివారం ఆయన మంచం పక్కన కూర్చుని టామ్ సాక్ష్యం ఉన్న పేజీలు తెలుగులో చెప్పాను. జాలి మాట వచ్చేసరికి నా గొంతు నాకే వేరేగా వినబడింది. చెప్పడం అయిపోయింది. ఆయన నా వైపు తిరగలేదు. ఫ్యాన్ వైపు చూస్తూ పడుకున్నారు. వినలేదేమో అనుకుని పుస్తకం మూయబోయాను.

"ఆ పొట్లాలు మన వీధి కొట్టువి" అన్నారు.

"ఏ పొట్లాలు నాన్నా?" అన్నాను, తెలిసీ.

"కందిపప్పు. మనకి అరువు ఆపేసిన కొట్లోనే డబ్బులిచ్చి కొన్నాడు. మర్నాడు కొట్టాయనే చెప్పాడు నాకు."