నల్లమలలో రాలిన ఆకు తూచడానికి పర్మిట్: నా అనుభవం

పర్మిట్ కాగితం నిన్న సాయంత్రం చేతికొచ్చింది. కోపం ఇంకా తగ్గలేదు. తగ్గకముందే రాసేస్తే, అడవి మీద పరిశోధన చేద్దామనుకునే పిల్లలకు పనికొస్తుంది.

నా పని నల్లమల మంటల మీద. ఇక్కడ నిప్పు ఎక్కువగా చెట్ల తలల మీద కాదు, నేల మీద పాకుతుంది. రాలిన ఆకు, ఎండు గడ్డి ఎంత మందాన పడి ఉంటే అంత కాలుతుంది. కాలిన చోట మళ్లీ మద్ది, చిరుమాను మొలకలు నిలుస్తాయా, లేక లాంటానా అనే కలుపు పొద కమ్మేస్తుందా అన్నది నా ప్రశ్న. దానికి ముందు నేల మీద ఎంత ఆకు ఉందో తూచాలి.

పీహెచ్‌డీ సీటు, ఫెలోషిప్, గైడ్ సంతకాలు ఏ ఇబ్బందీ లేకుండా అయిపోయాయి.

అభయారణ్యంలో పరిశోధన చేయాలంటే 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం 28వ సెక్షన్ కింద చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ అనుమతి ఉండాలి. ఈ నియమం మంచిదే. పులులు తిరిగే చోటికి ఎవరు పడితే వాళ్లు వెళ్లకూడదు. నా గొడవ చట్టంతో కాదు, ఫైలు మధ్యలో ఆగిపోయిన ఒక ఆఫీసుతో. పేరు రాయను.

ఆకును ల్యాబ్‌కు తెచ్చి ఓవెన్‌లో ఆరబెట్టి తూస్తానని ప్రపోజల్‌లో రాశాను. ప్రపంచమంతా చేసే పద్ధతే. ఆ ఆఫీసు దాని కింద ఎర్ర గీత గీసింది. అటవీ చట్టం లెక్కలో ఆకు, పైమట్టి కూడా అటవీ ఉత్పత్తులే. అభయారణ్యం నుంచి అటవీ ఉత్పత్తి బయటికి తేవాలంటే 29వ సెక్షన్. అదేమో వన్యప్రాణుల మేలు కోసమేనని రాష్ట్ర ప్రభుత్వం, రాష్ట్ర వన్యప్రాణి బోర్డుతో సంప్రదించి, తృప్తి పడితే తప్ప ఇవ్వని అనుమతి. సరే, ఎవరిని అడగాలో చెప్పమన్నాను. మరో ఆఫీసుకి పొమ్మన్నారు. అక్కడ, మేము బతికున్న మొక్కల సంగతే చూస్తాం, ఎండాకు మాది కాదు అన్నారు. తిరిగొస్తే, వాళ్లు కాదన్నట్టు రాయించుకు రమ్మన్నారు. వాళ్లు రాసివ్వలేదు.

చివరికి ఒక మీటింగ్‌కి పిలిచారు. గోడ పక్కన నిలబెట్టారు, కుర్చీ చూపించలేదు. పెద్ద అధికారి నా ప్రపోజల్ పేరు పైకి చదివి, "ఏమ్మా, పీహెచ్‌డీ చేసి ఆకులేరుకుంటావా? మా స్వీపర్‌ని పంపిస్తాలే, రోజూ ఊడుస్తుంది" అన్నారు. గదంతా నవ్వింది. పులి మీదో చిరుత మీదో చెయ్యొచ్చుగా అని ఇంకొకాయన సలహా ఇచ్చారు. గొంతు పట్టేసింది, అయినా చెప్పాను: సార్, ఎండాకాలం ఫైర్ వాచర్లు బ్లోయర్లు భుజాన వేసుకుని ఫైర్ లైన్ల (నిప్పు దాటకుండా శుభ్రం చేసే పట్టీల) మీద ఊదేది ఈ ఆకునే కదా, అది ఎక్కడ ఎంత పడుతుందో తెలియకుండా లైన్లు ఎక్కడ వేస్తారు? ఎవరూ జవాబివ్వలేదు. ఫైలు మీద "చర్చించితిమి" అని రాసి పక్కన పెట్టారు.

ఆ నవ్వు నాకు ఇప్పటికీ మంటే. దేశంలో అడవి లెక్క ఉపగ్రహ చిత్రాల నుంచి వస్తుంది. హెక్టారు, ఆపైన ఉన్న నేల మీద చెట్ల నీడ 10 శాతం దాటితే చాలు, తోటయినా సరే అటవీ విస్తీర్ణం కిందే రాస్తారు. ఆ నీడ కింద నేల కాలిందా, మొలక బతికిందా ఆ అంకె చెప్పదు. కిందికి వంగి చూసేవాళ్లు కావాలి. వంగినవాళ్లను చూసి నవ్వే గదుల్లో అడవి విధానాలు తయారవుతుంటే ఎలా?

దారి చూపించింది ఒక రిటైర్డ్ రేంజర్ గారు. "అమ్మా, ఆకు బయటికి రాకపోతే 29 లేదు కదా" అన్నారు, అంతే. పద్ధతి మార్చి రాశాను. బేస్ క్యాంప్ దగ్గరే టార్పాలిన్ మీద ఆరబెట్టి, వరసగా రెండు తూకాలు ఒకటే వచ్చేదాకా ఎండనిచ్చి, స్ప్రింగ్ కాటాతో తూచి, తాళ్లు కట్టి గుర్తుపెట్టిన ఏ చదరంలో ఏరామో ఆ చదరంలోనే తిరిగి పోసేస్తాం. ఓవెన్ అంత కచ్చితం కాకపోయినా అన్ని చోట్లా ఒకే పద్ధతి కాబట్టి పోల్చడానికి సరిపోతుంది. ఫీల్డ్ డైరెక్టర్ గారు చదివి, ఒక్క ప్రశ్న అడిగి, సిఫారసు చేశారు. అలాంటివాళ్లూ ఉన్నారు.

మీరు దరఖాస్తు పెడితే "సేకరణ" అన్న మాట అవసరమైతే తప్ప వాడొద్దు. ఇన్‌వార్డ్ నంబర్ (కాగితం అందినట్టు ఆఫీసు ఇచ్చే నంబర్) తీసుకోకుండా ఏ కాగితమూ ఇవ్వొద్దు. ఫోన్లో చెప్పిన మాట లెక్కలోకి రాదు. సహాయకుల పేర్లు, ఆధార్ కాపీలు మొదటే జతచేయండి, తర్వాత చేర్చాలంటే కొత్త ఫైలే. నాతో వచ్చే చెంచు అన్న ఇక్కడి పెంటలోనే (చెంచుల గూడెంలోనే) పుట్టాడు, ఏ వాలు మీద ఆకు ముందు ఎండుతుందో చూపు ఆనగానే చెప్తాడు. ఆయనకు కూడా నా పర్మిట్‌లో పేరుండాలన్నారు. 2006 అటవీ హక్కుల చట్టం వచ్చాక కూడా ఆయన తన అడవిలో నా సహాయకుడిగా నమోదై నడవాలి. అన్న ఏమీ అనలేదు, వేలిముద్ర వేశాడు. నాకు మాత్రం మింగుడుపడలేదు.

చిరుమాను ఆకు రాలడం మొదలైంది. సోమవారం మొదటి చదరాలకు తాళ్లు కడుతున్నాం. పర్మిట్ గడువు ఏడాదే, రెన్యువల్ కాగితాలు ఈ వారమే మొదలుపెడుతున్నాను.