మందారం, నాన్న పంచె, ఏ3 కాగితం

ఈ ఉదయం ఆరున్నరకే పెరట్లోకి దిగాను. ఒంటిరేకు మందారం పొద్దున విచ్చి సాయంత్రానికి ముడుచుకుపోతుంది కనుక రేపు చూద్దాంలే అనుకోవడానికి వీలులేదు. పైగా అమ్మ పూలసజ్జతో వచ్చేలోపే నేను ఫోటో తీయడం ముగియాలి.

పోయిన వారం అచ్చు వేయించిన మందారం ఫోటో చూసి చిన్నబోయాను. రేకుల మీది ఈనెలూ ముడతలూ మాయమై, ఎర్రరంగులో ముంచి తీసిన గుడ్డలా వచ్చింది. అచ్చు వేసినవారి మీద విసుక్కున్నాను కాని, ఫైలు తెరిచి చూస్తే మొత్తం వెలుగును చూపే హిస్టోగ్రామ్ అనే పటం నిక్షేపంగా ఉంది, ఎరుపు పటం ఒక్కటే కుడి అంచుకు కరుచుకొని ఉంది, అంటే ఎరుపు కెమెరా పట్టగలిగిన హద్దు దాటిపోయింది. కెమెరాలోనే పోయిన ఈనెలను ఏ కాగితం తెచ్చి ఇస్తుంది?

అందుకని ఈ రోజు ఎక్స్‌పోజర్‌ను, అంటే కెమెరాలోకి చేరే వెలుగును, స్టాప్‌లో మూడింట రెండు వంతులు తగ్గించాను (ఒక స్టాప్ తగ్గిస్తే వెలుగు సగమవుతుంది). ఎండ సూటిగా పడకుండా దండెం మీద నాన్న తెల్లపంచె అడ్డంగా వేసి, కాడను వెదురుపుల్లకు వదులుగా కట్టాను. చిన్నవాటిని దగ్గరగా తీసే వంద మిల్లీమీటర్ల మాక్రో లెన్సుతో పువ్వును అసలు పరిమాణంలో తీస్తే 36 మిల్లీమీటర్ల మేరకే ఫ్రేము నిండిపోతుంది. లెన్సు ద్వారాన్ని బాగా చిన్నది చేసే ఎఫ్ 11 వద్ద కూడా స్పష్టంగా వచ్చే లోతు ఒకటిన్నర మిల్లీమీటరు ఉండదు. ద్వారం ఇంకా మూస్తే వివర్తనం వల్ల, అంటే సన్నని సందులో వెలుగు చెదరడం వల్ల, బొమ్మ మెత్తబడుతుంది. కనుక కొసనున్న ఐదు ఎర్రని కీలాగ్రాల నుంచి పసుపుపచ్చ కేసరాల అడుగుదాకా ఫోకస్‌ను కొద్దికొద్దిగా జరుపుతూ 18 ఫోటోలు తీసి, తరువాత వాటిని ఒకటిగా కూర్చాలి. పన్నెండోది తీస్తూండగా గాలి వీచింది. మళ్లీ మొదటి నుంచి.

"అయ్యిందా రా? దేవుడికి ఆలస్యమవుతోంది," అంది అమ్మ, గుమ్మంలో నిలబడి. పద్దెనిమిదోది తీసిన మరుక్షణం ఆ పువ్వు సజ్జలో పడింది.

మధ్యాహ్నమంతా కంప్యూటరు ముందు గడిచింది. ఆరువేల పిక్సెళ్ల వెడల్పు అంగుళానికి 300 చొప్పున ఇరవై అంగుళాలకు సరిపోతుంది కనుక పదహారున్నర అంగుళాల పొడవుండే ఏ3 కాగితానికి లోటు లేదు. మెరుపు లేని నూలు కాగితం మందారపు ఎరుపును పూర్తిగా పట్టలేదని తెలిసి, రంగు గాఢతను నేనే కాస్త తగ్గించాను. సాయంత్రం అచ్చు చేతికి వచ్చింది. ఈసారి ప్రతి ఈనె కనిపిస్తోంది.

గర్వంగా అమ్మకు చూపించాను. అద్దాలు పెట్టుకొని చాలాసేపు చూసి, కేసరాల సందులో ఒకచోట వేలు పెట్టింది. పువ్వు మీద ఆవగింజంత కూడా లేని తెల్లటి పొడి, కాగితం మీద చింతగింజంత అయి కూర్చుంది. పుప్పొడి అనుకొని నేను దాన్ని ముచ్చటగా ఉంచేశాను.

"పిండినల్లి పట్టిందిరా చెట్టుకు," అని అచ్చును నా చేతిలో పెట్టి, వేపనూనె సీసా కోసం లోపలికి వెళ్లింది. దీపాలు పెట్టే వేళకు ఇద్దరం కొమ్మకొమ్మకూ సబ్బునీళ్లు చల్లుతున్నాము.